నెలలు నిండని శిశువుకు మూడవ వారం ముప్పు: ప్రాణాంతక పేగు వ్యాధి నివారణలో తల్లిపాలే తొలి రక్ష

ప్రత్యేక వ్యాసం

ఒంగోలు: నెలలు నిండకముందే జన్మించిన శిశువు ఊపిరితిత్తుల ఇబ్బందిని తట్టుకొని, ఆక్సిజన్ అవసరం తగ్గి, గొట్టం ద్వారా పాలు తీసుకుంటూ బరువు పెరగడం ప్రారంభించిన తరుణంలో కుటుంబ సభ్యులు గండం గడిచినదని భావించడం సహజం. సరిగ్గా ఆ సమయంలోనే, అనగా పుట్టిన రెండవ, మూడవ వారాలలో, అటువంటి శిశువులను కబళించే ఒక పేగు వ్యాధి కలదు. వైద్య పరిభాషలో దీనిని నెక్రోటైజింగ్ ఎంటరోకొలైటిస్ అని, ఆసుపత్రి వ్యవహారంలో ఎన్.ఇ.సి. అని అంటారు. పేగు గోడ వాపునకు గురై, రక్త ప్రసరణ దెబ్బతిని, అందలి కణజాలం నశించిపోవడమే ఈ వ్యాధి. గంటల వ్యవధిలో ముదిరే స్వభావం దీనికి ఉన్నందున సకాలంలో గుర్తించడం, తగిన ఆసుపత్రికి చేర్చడం, అన్నింటికంటే ముందుగా వ్యాధి రాకుండా జాగ్రత్త పడడం అత్యంత ఆవశ్యకం.

ఈ వ్యాధి ప్రధానంగా నెలలు నిండని శిశువుల వ్యాధి. రోగులలో అధిక శాతం 1,500 గ్రాముల కంటే తక్కువ బరువుతో పుట్టినవారే. అభివృద్ధి చెందిన దేశాలలో సైతం అటువంటి శిశువులలో నూటికి సుమారు 7 మంది దీని బారిన పడుతున్నారు. వ్యాధి నిర్ధారణ అయినవారిలో నూటికి 20 నుండి 30 మంది మరణిస్తున్నారు. శస్త్రచికిత్స అవసరమయ్యే అతి తక్కువ బరువు శిశువులలో మరణాలు సగం వరకు ఉంటున్నవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ తదితర సంస్థలు 2023లో వెలువరించిన నివేదిక ప్రకారం 2020లో ప్రపంచవ్యాప్తంగా 1 కోటి 34 లక్షల మంది శిశువులు నెలలు నిండకముందే జన్మించగా, వారిలో 30 లక్షలకు పైగా భారతదేశంలో జన్మించినవారే. ఏ దేశంలోనూ ఇంతటి సంఖ్య లేదు.

ఒక విషయం గమనార్హం. నెలలు నిండని శిశువులు మొదటి రోజులలోనే మరణించే చోట ఈ వ్యాధి అరుదుగా కనిపిస్తుంది. వారిని బ్రతికించగలిగే వైద్య సదుపాయాలు పెరిగిన కొలదీ ఇది ముందుకు వస్తుంది. జిల్లా కేంద్రాలలో నవజాత శిశు సంరక్షణ కేంద్రాలు ఏర్పడిన అనంతరం ఒంగోలు వంటి పట్టణాలలో సైతం ఈ వ్యాధిపై అవగాహన అవసరమైనది. మొదటి వారం శిశువును కాపాడిన శ్రమ మూడవ వారంలో వృథా కాకుండా చూడవలసిన బాధ్యత వైద్య సిబ్బందిపైనే కాక, కుటుంబంపై, క్షేత్రస్థాయి ఉద్యోగులపై, రవాణా వ్యవస్థపై కూడా ఉన్నది.

వ్యాధి ఎట్లు కలుగుతుంది?

గర్భంలో ఉన్న శిశువు పేగునకు పాలు జీర్ణం చేయవలసిన పని లేదు, సూక్ష్మజీవులను ఎదుర్కొనవలసిన అవసరమూ లేదు. తొమ్మిది నెలలు నిండేనాటికి పేగు గోడ గట్టిపడి, దానిపై జిగురు పొర ఏర్పడి, ఆహారాన్ని క్రమపద్ధతిలో ముందుకు నెట్టే కదలిక అలవడుతుంది. ఏడవ లేదా ఎనిమిదవ నెలలోనే పుట్టిన శిశువులో ఈ మూడూ అసంపూర్ణంగా ఉంటాయి. పాలు పేగులో ఎక్కువసేపు నిలిచిపోతాయి. హానికర సూక్ష్మజీవులు పెరిగి, పలుచని గోడను దాటి లోనికి ప్రవేశిస్తాయి. వాటిని అదుపు చేయడానికి శరీరం చేసే ప్రయత్నం మితిమీరి, వాపు రూపంలో పేగునే దెబ్బతీస్తుంది. రక్తనాళాలు ముడుచుకుపోయి రక్తం అందని భాగం నశిస్తుంది. ఆ భాగం చిల్లుపడినచో పేగులోని మలిన పదార్థం కడుపులోనికి చిమ్మి, రక్తం విషతుల్యమై ప్రాణాపాయం ఏర్పడుతుంది.

ఈ వ్యాధికి ఒకే ఒక్క కారణమంటూ లేదు. నెలలు నిండకపోవడం, డబ్బా పాలు, పేగులో సూక్ష్మజీవుల సమతౌల్యం దెబ్బతినడం అనే మూడు అంశాలు ప్రధానమైనవిగా వైద్యులు పరిగణిస్తున్నారు. తగినంత ఆధారం లేకుండా దీర్ఘకాలం యాంటీబయాటిక్ మందులు వాడడం, కడుపులో ఆమ్లాన్ని తగ్గించే మందులు వాడడం కూడా ముప్పును పెంచుతున్నట్లు పరిశోధనలు సూచించినవి. నెలలు నిండి పుట్టిన శిశువులలో ఈ వ్యాధి అరుదు. పుట్టుకతో గుండె జబ్బు ఉన్నవారికి, పుట్టిన సమయంలో ఊపిరి అందనివారికి ఇది రావచ్చును. అటువంటివారిలో ఇది సాధారణంగా మొదటి వారంలోనే కనిపిస్తుంది. శిశువు ఎంత ముందుగా పుట్టినచో వ్యాధి అంత ఆలస్యంగా బయటపడడం దీని ప్రత్యేకత.

గుర్తించవలసిన లక్షణాలు

ప్రారంభ దశలో లక్షణాలు స్వల్పంగా ఉంటాయి. అంతవరకు చురుకుగా ఉన్న శిశువు మందకొడిగా మారుతుంది. పాలు జీర్ణం కాక కడుపులో నిలిచిపోతాయి. కడుపు ఉబ్బి, చర్మం నిగనిగలాడుతూ బిగుసుకొని కనిపిస్తుంది. వాంతి పసుపు లేదా ఆకుపచ్చ రంగులో వస్తుంది. మలంలో రక్తపు చారలు కనిపిస్తాయి. ఊపిరి మధ్య మధ్య ఆగడం, గుండె వేగం తగ్గడం, ఒళ్ళు చల్లబడడం వంటివి తోడవుతాయి. వ్యాధి ముదిరిన కొలదీ కడుపుపై చర్మం ఎర్రగా లేదా నీలిగా మారుతుంది. తాకినచో శిశువు బాధతో ఏడుస్తుంది. ఏడ్చే శక్తి కూడా లేని స్థితి మరింత ప్రమాదకరం.

వీటిలో ఆకుపచ్చని వాంతి విషయమై క్షేత్రస్థాయి సిబ్బంది ప్రత్యేక శ్రద్ధ వహించవలసి ఉన్నది. నెలలు నిండిన శిశువైనా, నిండని శిశువైనా, నవజాత దశలో ఆకుపచ్చని వాంతి పేగు మెలిపడడం వంటి ఇతర అత్యవసర స్థితులకు కూడా సంకేతం కావచ్చును. కనుక కారణం ఏదైనప్పటికీ అది వెంటనే ఆసుపత్రికి తరలించవలసిన లక్షణమే. “పాలు అరగలేదు, రేపటికి తగ్గుతుంది” అని వేచి చూడడం తగదు.

గృహ ఆధారిత నవజాత శిశు సంరక్షణ కార్యక్రమం 2011లో ప్రారంభమైనది. దీని కింద ఆశా కార్యకర్తలు ఆసుపత్రిలో ప్రసవించిన తల్లుల ఇళ్ళను 3, 7, 14, 21, 28, 42వ రోజులలో సందర్శించవలసి ఉన్నది. తక్కువ బరువుతో పుట్టి ఇంటికి చేరిన శిశువు విషయంలో ఈ సందర్శనలు కీలకమైనవి. బరువు తూచడంతో పాటు శిశువు కడుపును చూడడం, వాంతి రంగును, మలం రంగును తల్లిని అడిగి తెలుసుకోవడం కేవలం రెండు నిమిషాల పని.

నిర్ధారణ, చికిత్స

వ్యాధి నిర్ధారణకు కడుపు ఎక్స్‌రే ప్రధాన ఆధారం. పేగు గోడ లోపల సన్నని గాలి బుడగలు కనిపించడం ఈ వ్యాధికి ప్రత్యేక చిహ్నం. కాలేయానికి వెళ్ళే రక్తనాళంలో గాలి కనిపించినచో వ్యాధి తీవ్రమైనదని, పేగు వెలుపల కడుపులో గాలి చేరినచో చిల్లు పడినదని అర్థం. అమెరికాకు చెందిన శస్త్రవైద్యుడు మార్టిన్ బెల్, ఆయన సహచరులు 1978లో ఈ వ్యాధిని అనుమానిత, నిర్ధారిత, ముదిరిన దశలుగా విభజించారు. 1986లో మరింత విపులీకరించిన ఆ విభజననే నేటికీ వైద్యులు అనుసరిస్తున్నారు. శిశువు స్థితి క్షణక్షణం మారే అవకాశం ఉన్నందున కొన్ని గంటలకొకసారి ఎక్స్‌రే తీసి పరిశీలించవలసి వస్తుంది.

అనుమానం కలిగిన వెంటనే నోటి ద్వారా, గొట్టం ద్వారా పాలు ఇవ్వడం నిలిపివేస్తారు. సన్నని గొట్టం ద్వారా కడుపులోని గాలిని, ద్రవాన్ని వెలుపలికి తీసి పేగునకు విశ్రాంతి కల్పిస్తారు. సిర ద్వారా ద్రవాలు, పోషకాలు, యాంటీబయాటిక్ మందులు ఇస్తారు. వ్యాధి నిర్ధారణ అయినచో ఈ చికిత్స సాధారణంగా 7 నుండి 14 రోజులు సాగుతుంది. అవసరాన్ని బట్టి కృత్రిమ శ్వాస అందిస్తారు, రక్తం ఎక్కిస్తారు. ఎక్కువమంది శిశువులు ఈ చికిత్సతోనే కోలుకుంటారు. చిల్లు పడినచో, లేదా మందులకు లొంగనిచో శస్త్రచికిత్స తప్పదు. నశించిన భాగాన్ని తొలగించి, మిగిలిన పేగు చివరను తాత్కాలికంగా కడుపు గోడపైకి తెచ్చి, కొన్ని వారాల తరువాత తిరిగి కలుపుతారు. అతి తక్కువ బరువు గల, శస్త్రచికిత్సను తట్టుకోలేని శిశువులకు ముందుగా కడుపులో చిన్న గొట్టం అమర్చి మలిన ద్రవాన్ని తీసివేస్తారు.

కోలుకున్న శిశువులలో కొందరికి వారాల తరువాత పేగు ఇరుకుగా మారి మలబద్ధకం, వాంతులు కలుగవచ్చును. పేగు అధిక భాగం తొలగించవలసి వచ్చినవారికి పోషకాలు ఒంటబట్టవు. మెదడు ఎదుగుదలపై కూడా ప్రభావం ఉండవచ్చును. కావున డిశ్చార్జితో చికిత్స ముగిసినట్లు భావించక, వైద్యులు సూచించిన తేదీలలో పరీక్షలకు హాజరు కావడం అవసరం.

తల్లిపాలే తొలి రక్ష

ఈ వ్యాధి నివారణకు నేటికీ టీకా లేదు. నిలకడగా రుజువైన రక్షణ తల్లిపాలు. బ్రిటన్‌లో 926 మంది నెలలు నిండని శిశువులపై జరిగిన అధ్యయన ఫలితాలు 1990లో లాన్సెట్ వైద్య పత్రికలో ప్రచురితమైనవి. కేవలం తల్లిపాలు తీసుకున్నవారితో పోల్చినచో, కేవలం డబ్బా పాలు తీసుకున్నవారిలో ఈ వ్యాధి 6 నుండి 10 రెట్లు అధికంగా కనిపించినది. తల్లిపాలతో పాటు డబ్బా పాలు తీసుకున్నవారితో పోల్చినా మూడు రెట్లు అధికంగా ఉన్నది. అనగా పూర్తిగా సరిపడనప్పటికీ, తల్లిపాలు కొంతమేరకు అందినా రక్షణ లభిస్తుందని స్పష్టమవుతున్నది.

తల్లిపాలలోని రోగనిరోధక పదార్థాలు పలుచని పేగు గోడపై పూతవలె నిలిచి సూక్ష్మజీవులను అడ్డుకుంటాయి. అందులోని కొన్ని చక్కెరలు శిశువుకు ఆహారం కాకపోయినా, పేగులోని మేలుచేసే సూక్ష్మజీవులకు ఆహారమవుతాయి. నెలలు నిండకముందే ప్రసవించిన తల్లి పాలలో ఈ రక్షక పదార్థాలు, మాంసకృత్తులు మరింత అధికంగా ఉంటాయి. ముఖ్యంగా ముర్రుపాలు ఒక్క చుక్క కూడా వృథా కారాదు. పిండి వేయవలసినవన్న అపోహ కొన్ని గ్రామాలలో నేటికీ ఉన్నది. దీనిని తొలగించవలసి ఉన్నది.

పాలు ఇవ్వడం ఆలస్యం చేసినచో, లేదా అతి నెమ్మదిగా పెంచినచో వ్యాధి రాదన్న అభిప్రాయం పూర్వం ఉండేది. 2,804 మంది శిశువులపై జరిపి 2019లో వెల్లడించిన అధ్యయనంలో, రోజుకు కిలో బరువుకు 18 మిల్లీలీటర్ల చొప్పున పెంచినా, 30 మిల్లీలీటర్ల చొప్పున పెంచినా ఈ వ్యాధి విషయంలో తేడా కనిపించలేదు. పాలను భయంతో ఆపివేయడం కంటే, సరైన పాలను, సరైన సమయంలో ప్రారంభించడమే ముఖ్యమని దీనివలన తెలుస్తున్నది. మేలుచేసే సూక్ష్మజీవులను మందు రూపంలో ఇచ్చే విధానంపై భిన్నాభిప్రాయాలు ఉన్నవి. 32 వారాలు నిండకముందే పుట్టి తల్లిపాలు తీసుకుంటున్న శిశువులకు వీటిని ఇవ్వవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో షరతులతో సూచించగా, అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2023లో వీటి వాడకంపై హెచ్చరిక జారీ చేసినది. కావున వైద్యుని పర్యవేక్షణ లేకుండా మందుల దుకాణంలో కొని పట్టడం ప్రమాదకరం.

తల్లి ఒకచోట, బిడ్డ ఒకచోట

తల్లిపాలు శ్రేష్ఠమని అందరూ అంగీకరిస్తారు. అయితే తల్లి ఒక ఊరిలో, బిడ్డ మరొక ఊరిలో ఉన్నప్పుడు ఆ పాలు బిడ్డకు చేరే మార్గమేది అన్నదే అసలు ప్రశ్న. ఒంగోలు పరిసర ప్రాంతాలలో ఇది దూరానికి సంబంధించిన సమస్య. పత్తి, మిరప పండే మైదాన గ్రామాల నుండి ఒంగోలు చేరుకోవడం ఒక ఎత్తు కాగా, నల్లమల అంచున గల గిద్దలూరు వంటి పశ్చిమ ప్రాంతాల నుండి వందకు పైగా కిలోమీటర్లు ప్రయాణించి రావడం మరొక ఎత్తు. స్థానిక ఆసుపత్రిలో నెలలు నిండకుండా ప్రసవం జరిగినప్పుడు శిశువును తండ్రి, అమ్మమ్మ తీసుకొని ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోని ప్రత్యేక నవజాత శిశు సంరక్షణ కేంద్రానికి చేరుకుంటారు. తల్లి, ముఖ్యంగా శస్త్రచికిత్స ద్వారా ప్రసవించిన తల్లి, ప్రసవించిన చోటనే ఉండిపోతుంది. ఆ మూడు నాలుగు రోజులలో పాలు పిండకపోయినచో ఉత్పత్తి తగ్గిపోతుంది. తరువాత తల్లి వచ్చినా పాలు చాలవు. డబ్బా పాలు తప్పనిసరి అవుతాయి.

ఈ పరిస్థితిని నివారించడానికి ఖరీదైన యంత్రాలు అవసరం లేదు. సాధ్యమైనంతవరకు ప్రసవానికి ముందే గర్భిణిని పెద్ద ఆసుపత్రికి తరలించడం ఉత్తమం. అది వీలుకానప్పుడు తల్లిని శిశువుతో పాటే తరలించాలి. అదీ కుదరనప్పుడు ప్రసవమైన మొదటి గంటలలోనే చేతితో పాలు పిండడం నర్సు నేర్పాలి. రాత్రి వేళతో సహా రోజుకు 8 పర్యాయాలు పిండినచో ఉత్పత్తి నిలబడుతుంది. తొలి రోజులలో కొద్ది మిల్లీలీటర్లే వచ్చినా నిరుత్సాహపడనవసరం లేదు. శిశువుకు అప్పుడు కావలసినది కూడా అంతే. శుభ్రమైన మూతగల పాత్రలో పిండిన పాలు గది ఉష్ణోగ్రత వద్ద 4 గంటల వరకు, రిఫ్రిజిరేటర్‌లో 24 గంటల వరకు నిలువ ఉంటాయి. వేసవిలో ఒంగోలు ఎండలను దృష్టిలో ఉంచుకొని చల్లని పెట్టెలోనే తరలించడం శ్రేయస్కరం.

తల్లిని బిడ్డ చెంత ఉంచడం పాల కోసమే కాదు. తల్లి రొమ్ముపై చర్మానికి చర్మం తాకేటట్లు శిశువును ఉంచే కంగారూ సంరక్షణ విధానం 1978లో కొలంబియా దేశపు బొగోటా నగరంలో ఆరంభమైనది. భారతదేశంతో పాటు ఘానా, మలావి, నైజీరియా, టాంజానియా దేశాలలోని ఐదు ఆసుపత్రులలో జరిపి 2021లో ప్రచురించిన అధ్యయనంలో, పుట్టిన వెంటనే ఈ విధానం ప్రారంభించిన తక్కువ బరువు శిశువులలో 28 రోజులలోపు మరణాలు 15.7 శాతం నుండి 12 శాతానికి తగ్గినవి. దీని ఆధారంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో తన సూచనలను సవరించినది. కనుక శిశు సంరక్షణ కేంద్రం పక్కనే తల్లులకు మంచం, భోజనం, స్నానపు గది కల్పించడం కేవలం సౌకర్యం కాదు. అది చికిత్సలో భాగం.

తల్లి పాలు లభించనప్పుడు

తల్లి మరణించినప్పుడు, తీవ్ర అనారోగ్యంతో ఉన్నప్పుడు మరొక తల్లి దానం చేసిన పాలు రెండవ మార్గం. దాత పాలతో పోల్చినచో డబ్బా పాలపై ఉన్న నెలలు నిండని శిశువులలో ఈ వ్యాధి దాదాపు రెట్టింపుగా వస్తున్నట్లు పలు అధ్యయనాల సమీక్షలో వెల్లడైనది. దేశంలో తొలి తల్లిపాల బ్యాంకు 1989లో ముంబయిలోని సయాన్ ఆసుపత్రిలో డాక్టర్ అర్మిడా ఫెర్నాండెజ్ చొరవతో ఏర్పడినది. తెలుగు ప్రాంతంలో హైదరాబాదులోని నిలోఫర్ ఆసుపత్రిలో 2017లో ధాత్రి తల్లిపాల బ్యాంకు ప్రారంభమైనది. అదే సంవత్సరం కేంద్ర ప్రభుత్వం ప్రభుత్వాసుపత్రులలో చనుబాల నిర్వహణ కేంద్రాల స్థాపనకు జాతీయ మార్గదర్శకాలు విడుదల చేసినది.

ఇటువంటి బ్యాంకులలో దాత తల్లికి రక్త పరీక్షలు నిర్వహించి, సేకరించిన పాలను 62.5 డిగ్రీల సెల్సియస్ వద్ద 30 నిమిషాలు ఉంచి శుద్ధి చేసి, సూక్ష్మజీవుల పరీక్ష అనంతరం ఘనీభవింపజేసి నిలువ చేస్తారు. పరీక్షలు లేకుండా ఒకరి పాలు మరొకరి బిడ్డకు నేరుగా పట్టడం సురక్షితం కాదు. దాత పాలు ఉన్నవి గదా అని సొంత తల్లి పాల విషయంలో అశ్రద్ధ చేయడం కూడా తగదు. శుద్ధి చేసే వేడికి కొన్ని రక్షక పదార్థాలు నశిస్తాయి. ప్రతి ఆసుపత్రిలో బ్యాంకు నెలకొల్పడం సాధ్యం కాకపోవచ్చును గాని, తల్లి తన బిడ్డ కోసం పాలు పిండుకొనడానికి ఒక గది, ఒక రిఫ్రిజిరేటర్, శిక్షణ పొందిన ఒక నర్సు ప్రతి సంరక్షణ కేంద్రంలోనూ సాధ్యమే.

ప్రసవానికి ముందే జాగ్రత్త

నెలలు నిండని ప్రసవాలను తగ్గించడమే ఈ వ్యాధికి మూల నివారణ. రక్తహీనత, రక్తపోటు, మూత్ర సంబంధ ఇన్ఫెక్షన్లు, చిన్న వయస్సులో గర్భధారణ, కాన్పుల మధ్య తగిన ఎడం లేకపోవడం ఇందుకు ప్రధాన కారణాలలో కొన్ని. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో గర్భిణులలో సగానికి పైగా రక్తహీనతతో బాధపడుతున్నారు. పత్తి తీతలు, మిరప కోతల కాలంలో కూలి పనులకు, వలసలకు వెళ్ళే గర్భిణులు నెలవారీ పరీక్షలకు దూరమవుతున్నందున, వారు పనిచేసే గ్రామంలోని ఏ.ఎన్.ఎం. వారి వివరాలు తెలుసుకొని పరీక్షలు కొనసాగించడం అవసరం.

24 నుండి 34 వారాల మధ్య నొప్పులు ప్రారంభమైన గర్భిణికి 12 గంటలకొకసారి 6 మిల్లీగ్రాముల చొప్పున నాలుగు మోతాదుల డెక్సామెథాసోన్ ఇంజక్షన్ ఇవ్వడం వలన శిశువు ఊపిరితిత్తులు పరిపక్వం కావడమే గాక, ఎన్.ఇ.సి. ముప్పు కూడా తగ్గుతుంది. పెద్ద ఆసుపత్రికి పంపే ముందు తొలి మోతాదు ఏ.ఎన్.ఎం. ఇచ్చేందుకు కేంద్ర ప్రభుత్వం 2014 మార్గదర్శకాలలో వీలు కల్పించినది. అతి స్వల్ప వ్యయంతో కూడిన ఈ ఇంజక్షన్ ప్రతి ప్రసవ కేంద్రంలో అందుబాటులో ఉన్నదో లేదో తనిఖీ అధికారులు పరిశీలించవలసి ఉన్నది.

ఇంటి వైద్యం వద్దు

పసికందు కడుపు ఉబ్బినప్పుడు ఆముదం పట్టడం, వస అరగదీసి నాకించడం, గ్రైప్ వాటర్ ఇవ్వడం, కడుపుపై వాతలు పెట్టడం వంటి అలవాట్లు పలు గ్రామాలలో కొనసాగుతున్నవి. వీధులలో తిరిగి అమ్మే గాడిద పాలు పట్టినచో ఉబ్బసం, కామెర్లు రావన్న నమ్మకం కూడా ఉన్నది. శుద్ధి చేయని ఈ పదార్థాలు నెలలు నిండని శిశువు పేగులోనికి సూక్ష్మజీవులను చేరుస్తాయి. వాతల వలన వ్యాధి తగ్గకపోగా, పుండు ద్వారా మరొక ఇన్ఫెక్షన్ ప్రవేశిస్తుంది. అన్నింటికంటే మించిన నష్టం కాలయాపన. తొలి ఆరు నెలలు తల్లిపాలు తప్ప మంచినీరు సైతం అవసరం లేదు. ఈ అలవాట్లను పాటించే పెద్దలు బిడ్డ మేలు కోరియే ఆ పని చేస్తున్నారన్న విషయం సిబ్బంది విస్మరించరాదు. మందలింపు కంటే అమ్మమ్మను, నాయనమ్మను కూర్చోబెట్టి కారణం వివరించడం వలననే ఫలితం ఉంటుంది.

రవాణా, ప్రభుత్వ సదుపాయాలు

1,800 గ్రాముల కంటే తక్కువ బరువు గల, లేదా 34 వారాలకు ముందే పుట్టిన శిశువులను ప్రత్యేక నవజాత శిశు సంరక్షణ కేంద్రాలలో చేర్చుకొనవలెనని జాతీయ మార్గదర్శకాలు నిర్దేశిస్తున్నవి. 2011 జూన్ 1న ప్రారంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రులలో అనారోగ్య శిశువులకు చికిత్స, మందులు, పరీక్షలు, రక్తం, రవాణా ఉచితం. మొదట 30 రోజుల వయస్సు వరకు ఉన్న ఈ సదుపాయం తరువాత ఏడాది వరకు పొడిగించబడినది. 2005లో ప్రారంభమైన 108 సేవలలో భాగంగా, 2020 జూలైలో రాష్ట్రంలో ప్రవేశపెట్టిన నూతన వాహనాలలో 26 ప్రత్యేకించి నవజాత శిశువుల కొరకు ఉద్దేశించినవి.

శస్త్రచికిత్స అవసరమైనప్పుడు శిశు శస్త్రవైద్యులు గల ఆసుపత్రికి తరలించవలసి వస్తుంది. ఒంగోలు నుండి గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి సుమారు 110 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. ఈ ప్రయాణంలో శిశువు ఒళ్ళు చల్లబడకుండా వెచ్చగా ఉంచడం, కడుపులోని గొట్టాన్ని తెరచి ఉంచడం, సిర ద్వారా ద్రవాలు కొనసాగించడం, ఎక్స్‌రేలను వెంట పంపడం, చేరుకోబోయే ఆసుపత్రికి ముందుగా ఫోను చేయడం అనే ఐదు పనులు శిశువు ప్రాణాన్ని నిలబెడతాయి. చిల్లు పడిన తరువాత పంపడం కంటే, పడవచ్చునన్న అనుమానం కలిగినప్పుడే శస్త్రవైద్యుని సంప్రదించడం మేలు. చేతుల శుభ్రత విషయంలో రాజీ పనికిరాదు. ఒకే కేంద్రంలో తక్కువ వ్యవధిలో ఒకటికి మించి కేసులు కనిపించినచో సిబ్బంది దానిని హెచ్చరికగా భావించి పరిశీలన జరపాలి.

పాత్రికేయులు గమనించవలసిన అంశాలు

శిశు సంరక్షణ కేంద్రాలలో మరణాలు సంభవించినప్పుడు వాటిని ప్రజల దృష్టికి తీసుకురావడం పత్రికల ధర్మం. అయితే “పాలు పట్టగానే శిశువు మృతి”, “ఇంజక్షన్ వికటించి మృతి” వంటి శీర్షికలు కారణం తేలకముందే తీర్పు చెప్పినట్లవుతాయి. వాటిని చదివిన మరొక తల్లి పాలు పట్టడానికే వెనుకాడే ప్రమాదం కలదు. శిశువు ఎన్ని వారాలకు పుట్టినది, ఎంత బరువు ఉన్నది, ఏ పాలు తీసుకున్నది, తల్లి దగ్గర ఉన్నదా, లక్షణాలు కనిపించినప్పటి నుండి చికిత్స ప్రారంభం వరకు ఎంత సమయం గడిచినది అనే ప్రశ్నలు అడిగినచో లోపం ఎక్కడ ఉన్నదో స్పష్టమవుతుంది. లోపం ఉన్నచోట ఈ ప్రశ్నలే దానిని బయటపెడతాయి, లేనిచోట నిందను తొలగిస్తాయి. 2014లో జారీ అయిన శిశు మరణాల సమీక్ష మార్గదర్శకాల ప్రకారం ఆసుపత్రిలో సంభవించిన మరణాలను సమీక్షించవలసి ఉన్నందున, ఆ సమీక్ష జరిగినదా అని విచారించడం సముచితం. తల్లిదండ్రుల పేర్లు, శిశువు ఛాయాచిత్రం ప్రచురించకుండానే ఈ సమాచారమంతా అందించవచ్చును.

డబ్బా పాలు, పాల సీసాల ప్రకటనలను 1992 నాటి శిశు పాల ప్రత్యామ్నాయాల చట్టం నిషేధిస్తున్నది. 2003లో సవరించిన ఈ చట్టం ప్రకారం అటువంటి ప్రకటనలు ఇవ్వడమే కాక, వాటి ప్రచురణలో పాలుపంచుకోవడం కూడా నేరమే. ఆసుపత్రులలో నమూనా డబ్బాలు ఉచితంగా పంచడం, తల్లులకు కానుకలు ఇవ్వడం సైతం నిషిద్ధం. వైద్యుడు చికిత్సలో భాగంగా సూచించినప్పుడు డబ్బా పాలు వాడడం తప్పు కాదు. తల్లిపాలకు సాటియని ప్రచారం చేయడమే తప్పు.

దేశంలో 2030 నాటికి నవజాత శిశు మరణాల రేటును ప్రతి వెయ్యి జననాలకు పదిలోపునకు తగ్గించవలెనని 2014 సెప్టెంబరులో ప్రకటించిన జాతీయ నవజాత శిశు కార్యాచరణ ప్రణాళిక లక్ష్యంగా నిర్దేశించినది. 2020 నమూనా నమోదు సర్వే ప్రకారం ఈ రేటు దేశంలో 20గా ఉన్నది. ఆ లక్ష్యసాధనలో మొదటి వారం ఎంత ముఖ్యమో మూడవ వారమూ అంతే ముఖ్యం. తల్లిని బిడ్డ చెంతకు చేర్చడం, ఆమె పాలను చుక్క కూడా వృథా కానివ్వకపోవడం, కడుపు ఉబ్బినా, ఆకుపచ్చని వాంతి కనిపించినా క్షణం జాగు చేయక 108కి ఫోను చేయడం ప్రతి కుటుంబం, ప్రతి ఆరోగ్య కార్యకర్త పాటించవలసిన జాగ్రత్తలు.